ఉన్నది ఉన్నట్టు చూపే కెమెరా

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే. నా బిడ్డ ఉమకు కుడికన్ను కనబడటం లేదేమోనని, ఆ సంగతి మా ఇంట్లో అందరూ ఒప్పుకునేసరికి వైద్యం చేయాల్సిన కాలం దాటిపోతుందేమోనని. అందుకే కెమెరా కొనడానికి వచ్చాను. ఈ రెండు మాటలకూ పొత్తేమిటని మా వీధిలో ఎవరైనా నవ్వుతారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. మా అత్త లక్ష్మీదేవమ్మకు టీకా వేయించుకొస్తానని చెప్పి, పద్నాలుగు నెలల పిల్లను చంకనేసుకుని, నూలు కండెలు చుట్టిన కూలి కొంగున ముడేసుకుని, గద్వాల బజారులో నరేందర్ ఫోటో స్టూడియో మెట్లెక్కాను. నరేందర్ అద్దాల బల్ల మీద మూడు కెమెరాలు పెట్టాడు. ఒకటి వెండి రంగుది, అరచేతిలో ఇమిడేది. ఒకటి నల్లది, ముందుకు మూతి సాచినట్టున్నది. ఒకటి ఎర్రది, మూలలు అరిగి లోపలి తెలుపు బయటపడ్డది. మూడూ ఒకరు వాడినవే. మూడింటి గాజు కళ్లూ నన్నే చూస్తున్నట్టున్నాయి. ఏ కన్ను మంచిదో ఎట్లా తెలుసుకోవడం? నాకు కన్ను గురించే తెలియదు, ఇక కెమెరా గురించి ఏం తెలుస్తుంది. మా తమ్ముడు గణేష్ పదో తరగతి పుస్తకంలో కన్ను పాఠం ఉండేది, నడిమికి కోసిన మామిడికాయలాంటి బొమ్మ, దాని పక్కనే ఇంకేవో గీతలు, బాణాలు. నన్ను తొమ్మిదితోనే మాన్పించారు. అమ్మకు కాలూ చేయీ పడిపోయాయి, ఇంట్లో వండిపెట్టే మనిషి కావలసి వచ్చింది. ఇంకొక్క ఏడాది చదివి ఉంటే ఆ బొమ్మలో ఏ గీత ఎక్కడికి పోతుందో తెలిసి ఉండేదేమో, అప్పుడు ఏడో నెలలోనే కేక పెట్టి ఉండేదాన్నేమో.

ఏడో నెల. ఏడాది నిండేదాకా పిల్లకు ఫోటో తీయకూడదని మా అత్త కట్టడి. తీస్తే ఆయుష్షు ఫోటోలోకి పోతుందట, దిష్టి తగులుతుందట. నేను కాదనలేదు, నమ్మాననీ కాదు, నమ్మలేదనీ కాదు. ఒకరోజు అత్త పట్టు లచ్చలు తెద్దామని, మాకు నేత పని ఇచ్చే మాస్టరు ఇంటికి పోయినప్పుడు, మా ఆయన మధు గుంత మగ్గంలో దిగి ఉన్నప్పుడు, లోపలింటి చీకట్లో పిల్ల బోర్లా పడి తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వును అట్లా వదిలేయడానికి చేతులు రాలేదు. ఫోన్ తీసి నొక్కాను. లైటు తళుక్కుమంది. చూస్తే ఒక కన్ను ఎర్రగా ఉంది, రెండోది తెల్లగా ఉంది. తెల్లగా అంటే గుడ్డు తెలుపు కాదు. నల్లగుడ్డు నడిమధ్య, చూపు ఉండాల్సిన చోట, గంజి చుక్క వేసినట్టు. అది జబ్బని నేననుకోలేదు, శిక్ష అనుకున్నాను. తీయొద్దన్న ఫోటో తీశాను, నా దిష్టే నా బిడ్డ కంటిలో పడింది అనుకున్నాను. అత్త వచ్చే అలికిడికి ఒక్క నొక్కుతో ఆ ఫోటో తుడిచేశాను. తుడిచి, ఉప్పు తీసి పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, పొయ్యిలో వేశాను. చిటపటలాడింది. చూశావా ఎంత దిష్టి ఉందో అనుకుని ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఫోటో తీసిన సంగతి చెప్పాలి.

"అక్కా, దేనికి గావాలె? యూట్యూబ్‌ల పెట్టెటందుకా, చీరల ఫోటోలకా?" అంటున్నాడు నరేందర్. పాప ఫోటోలకు అన్నాను. "అయితే ఈ నల్లది తీస్కో. పదహారు మెగాపిక్సెల్. ఎర్రది పన్నెండే." మెగాపిక్సెల్ అంటే ఏమిటన్నా అని అడిగితే, చుక్కలక్కా, ఎన్ని చుక్కలుంటే అంత సాఫు అన్నాడు. మా ఇంట్లో కూడా ఇట్లాంటి లెక్కే. మగ్గం అచ్చులో ఎన్ని పోగులు పోతే బట్ట అంత చిక్కన. కానీ ఎన్ని పోగులు పోసినా రంగు తప్పితే చీర తప్పినట్టే గదా. చీరకు రెండు అంచులూ ఒకే రంగులో రావాలి, ఒక అంచు ఎరుపు, ఒక అంచు తెలుపు వస్తే అది చీర కాదు, మాస్టరు తిప్పి పంపుతాడు. నా బిడ్డ రెండు కళ్లు రెండు రంగులు వచ్చాయి, తిప్పి పంపడానికి ఎవరి దగ్గరికి పోను. ఈ మాట నరేందర్‌తో అనలేదు. "చుక్కలు కాదన్నా, ఉన్నది ఉన్నట్టు ఏది చూపిస్తది?" అని మాత్రం అడిగాను. అతను పకపకా నవ్వాడు. "ఇరవై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న, ఇట్ల అడిగినోళ్లు లేరు. నల్లగున్నోళ్లు తెల్లగ తియ్యమంటరు, లావున్నోళ్లు సన్నగ తియ్యమంటరు. ఉన్నది ఉన్నట్టు గావాలంటే అద్దం కొనుక్కోరాదక్కా!" నేను కూడా నవ్వాను. నా నవ్వు నాకే వేరే ఎవరిదో అనిపించింది.

అద్దం చూపదు. అద్దంలో రెండు కళ్లూ నల్లగానే ఉంటాయి. పగటి పూట అందరి పిల్లల్లాగే ఉంటుంది ఉమ. సందెవేళ వాకిటి నుంచి వెలుగు ఏటవాలుగా పడితే, పాలు తాగుతూ తాగుతూ తల తిప్పితే, ఒక్క క్షణం, పిల్లి కన్నులా లోపలినుంచి మెరుస్తుంది. ఆ మెరుపు మా అత్త కూడా చూసింది. చూసి మురిసిపోయింది. "పిల్లికండ్ల పిల్ల, అదృష్టం. మా అవ్వకు గూడ గట్లనే ఉండె అంటరు. జమ్ములమ్మ తల్లి దీపం పెట్టింది దీని కంట్ల" అని పక్కింటి వాళ్లను పిలిచి మరీ చూపించింది. ఆమె అబద్ధం చెప్పదు. ఆమెకు మనవరాలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే చెప్పింది. అందరూ దీపమంటుంటే గంజి చుక్క అనడానికి నాకు నోరు రాలేదు. దవాఖానకు పోదామా అని ఒక రాత్రి మధును మెల్లగా అడిగాను. పుట్టినరోజు తర్వాత ఫోన్‌తో తీసిన ఫోటోలు చూపించాను, మూడింటిలో ఒక కన్ను తెల్లగా. అతను వేళ్లకంటిన రంగుతోనే ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది రంగుల తొట్టిల పడ్డ ఫోను గదనే. పడ్డకాడి నుంచి దీంట్ల కుంకుమ గూడ గోధుమ లెక్క వస్తుంది. దీన్ని పట్టుకుని పరేషాన్ అయితవేంది?" అన్నాడు. నిజమే, ఫోన్ తొట్టిలో పడింది, పిల్ల పుట్టకముందే. రెండు రోజులు బియ్యంలో పెట్టి బతికించాం. నేను ఇంకా ఏదో అనబోతే లేచి బీరువా తీసి ఆల్బం తెచ్చి నా ఒడిలో పెట్టాడు. "ఇది పెద్ద కెమెరాతోని తీసింది. చూడు, యాడుంది తెలుపు?"

ఎక్కడా లేదు. మొదటి పుట్టినరోజు ఆల్బం, నరేందరే వచ్చి తీశాడు, గులాబీ గౌనులో ఉమ, మధు ఒడిలో ఉమ, అత్త చేత అక్షింతలు వేయించుకుంటూ ఉమ. అన్నింటిలో రెండు కళ్లూ నిగనిగలాడే నేరేడుపళ్లు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఫోన్ తప్పు, నా తప్పు కాదు, నేను తీసిన దొంగ ఫోటో వల్ల ఏమీ కాలేదు. ఆ ఆల్బం మంచం పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. భయమేసినప్పుడల్లా తీసి చూసేదాన్ని, మాత్ర వేసుకున్నట్టు. రెండు నెలలు. రెండు నెలల్లో ఒక పడుగు పూర్తిగా నేసి తీయొచ్చు. మొన్న ఆటలో ఉమ ఎడమకన్ను మీద చేయి పెట్టాను, బూచీ అని. ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నా చేయి పట్టి లాగేసింది, గీరింది, ఏడ్చింది. తర్వాత కుడికన్ను మూశాను. ఏమీ అనలేదు. నా మూసిన చేతి పక్కనుంచి నన్ను చూసి నవ్వుతూ ఉంది. మళ్లీ ఎడమది మూశాను, మళ్లీ ఏడుపు. కుడిది, నవ్వు. ఎన్నిసార్లు మూశానో. పాపం దాన్ని ఎంత ఏడిపించానో. ఒక చేయి మూస్తే దానికి లోకం చీకటైంది, ఇంకో చేయి మూస్తే ఏమీ మారలేదు. మారలేదంటే అక్కడ ముందే చీకటి ఉందనే గదా. అప్పటినుంచి మూడు రోజులుగా నా తలలో ఇదే, ఫోన్ నిజమా, ఆల్బం నిజమా. రెంటికీ సాక్ష్యం చెప్పడానికి మూడోది కావాలి. అందుకే వచ్చాను. ఉత్త నా మాట మీద మా ఇల్లు కదలదు, ఫోటో ఉంటే కదులుతుంది.

వెనక బల్ల మీద కూర్చున్న ముసలామె గొంతు సవరించుకుంది. బాలమ్మ, మా వీధి చివరి మనిషే, అత్తతో మాట్లాడుతుండగా చూశాను. ఆమె ఒక కంటిలో పెద్ద పువ్వు, పాలమీగడ ముక్కలా, పైకే కనిపిస్తుంది. "ఓ నరేందరూ, నా పటం యాడిదాక వచ్చెరా?" అంది. "అయితుందవ్వా. దండ ఏసుకునెటందుకు అంత తొందరేంది నీకు?" "నాకు లేదురా తొందర, నా కొడుకులకుంది. నేను పోయినంక ఏదో పెండ్లిల నోరు తెరిచి బువ్వ తింటున్న ఫోటో ఎతికి తెచ్చి దండేస్తరు ముండకొడుకులు. అందుకే బతికుండంగనే సక్కంగ తీయించుకుంటున్న. ఈ కంటి పువ్వు జర తీసెయ్యి నాయనా. స్వర్గంల మా ఆయన గుర్తుపట్టాలె గద." "గదెంత పని అవ్వా, ఒక్క నొక్కుడు. నీ మంచికన్ను తీసి దాని మీద పెడ్త." "అరవై ఏండ్లు ఏ మందుకు పోనిది నీ ఒక్క నొక్కుడుకు పోతదారా! నువ్వేరా డాక్టరువు!" ముగ్గురం నవ్వాం. ఉమ కూడా మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టింది. నవ్వుతూ నవ్వుతూ నేను ఆగిపోయాను. మంచికన్ను తీసి దాని మీద పెడ్త. కంప్యూటర్ తెర మీద బాలమ్మకు రెండు కళ్లు వచ్చేశాయి, రెండూ ఒకటే, రెంటిలోనూ మెరుపు చుక్క ముక్కు వైపే. ఒకే వెలుగైతే రెండు కళ్లలోనూ ఒకే దిక్కున మెరవాలి గదా. ఆల్బంలో ఉమ కళ్లలో మెరుపు ఎక్కడుంది. నేను రెండు నెలలు రోజూ చూసిన ఫోటో, ఒక్కో వెంట్రుక నాకు నోటికి వచ్చిన ఫోటో. ఎక్కడుంది మెరుపు. అక్కడా రెంటిలోనూ ముక్కు వైపే.

"అన్నా," అన్నాను, "మా పాప బర్త్‌డే ఫోటోలల్ల ఏమన్న దిద్దినవా?"

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది, తెర మీద బాలమ్మ రెండు కళ్లూ ఆరిపోయాయి. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గది, సందెచీకటి కంటే చీకటి. నరేందర్ నా మాట విన్నాడో లేదో, కరెంటు వాళ్లను తిట్టి, "మంచిదే అయిందక్కా, ఇప్పుడు ఫ్లాష్ చూడొచ్చు" అంటూ నల్ల కెమెరా తీశాడు. "దీంట్ల కండ్లు ఎర్రగ రావు. చీకట్ల ఫ్లాష్ కొడితే కంటి లోపలి నెత్తురు మెరుస్తది, ఎర్రగ పడ్తది. ఇది ముందే రెండుసార్లు మిణుకుమనిపించి గది రాకుండ చేస్తది." వద్దన్నాను. ఎర్రగా వచ్చేదే కావాలన్నాను. "ఏంది?" అన్నాడు. దిద్దనిది కావాలి, ఏమీ దాచనిది కావాలన్నాను. అతను నన్ను వింతగా చూసి ఎర్రది తీశాడు. "ఇది పాతది. దీనికి గవేం తెల్వవు. ఎట్లుంటే గట్ల." అదే, అదే కావాలి. మూడింటిలో మూలలు అరిగిన, ఎవరికీ పనికిరాని, తెలివి లేని కెమెరా. ఉమను బాలమ్మ పక్కన బల్ల మీద నిలబెట్టాను. నా కంఠం నాకే వినబడనంత మెల్లగా, చిట్టీ, అమ్మను చూడు అన్నాను. తళుక్కుమంది. ఆ తర్వాత చిత్రం తెర మీదికి రావడానికి పట్టిన కాసేపట్లో నేను జమ్ములమ్మకు మొక్కాను, నా కన్ను తీసుకో తల్లీ, ఒకటి చాలు నాకు, కండెలు చుట్టడానికి ఒకటి చాలు. ఇంకా ఏమేం మొక్కానో. ఫోన్‌దే తప్పు కావాలి, నేను పిచ్చిదాన్ని కావాలి, ఇంటికి పోయి మధుతో తిట్లు తినాలి.

ఎడమకన్ను ఎర్రగా ఉంది. కుడికన్ను తెల్లగా ఉంది.

"ఓ, గిదా!" అన్నాడు నరేందర్ తేలిగ్గా. "గిది వస్తనే ఉంటదక్కా ఫోటోలల్ల. మీ బర్త్‌డే ఫోటోలల్ల గూడ వచ్చె. పదకొండు ఫోటోలల్ల. ఒక్కొక్కటి కూర్చొని సెట్ చేసిన, పైసలు గూడ ఎక్కువ తీసుకోలే. మొన్న వడ్డేపల్లి దిక్కు పాపకు గూడ ఇట్లనే..." అంటూ నా ముఖం చూసి ఆగాడు. బాలమ్మ లేచి వచ్చింది. కెమెరా తన మంచికంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎంతసేపో చూసింది. అంతకుముందు నవ్విన మనిషి కాదు. "నాది కంపముల్లు కుచ్చి పైన పువ్వేసింది బిడ్డా. దీనిది పైన లేదు, లోపల్నుంచి వస్తుంది. ఇది దీపం గాదు, మీ అత్తకు నేను చెప్త. ఇంటికి గూడ పోకు. దవాఖానకు పో."

మధుకు ఫోన్ చేశాను. అటునుంచి మగ్గం చప్పుడు, టకటక, టకటక. ఎక్కడున్నావంటే చెప్పాను. తిట్టబోయాడు. "ఆల్బం అబద్ధమయ్యా" అన్నాను. "పాప మంచికన్నే రెండుసార్లు పెట్టిండంట." మగ్గం ఆగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో పట్టపగలు నడి చీరలో అతని మగ్గం ఆగడం నేను వినలేదు. "నువ్వు ఆడనే ఉండు, వస్తున్న. ముందుగాల సర్కారు దవాఖానకు, అక్కడ కాకుంటే రైలెక్కి పట్నం పోదం" అన్నాడు, గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. ఇప్పుడు అతని కోసం ఈ మెట్ల మీద కూర్చున్నాను. ఉమ నా భుజం మీద నిద్రపోయింది. రెండు కళ్లూ మూసుకుని ఉంటే రెండూ ఒకటే. ఎర్ర కెమెరాను నరేందర్ నా సంచిలో పెట్టాడు, డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు. "నేను మంచిగనే చేసిన గదక్కా, పాప సక్కంగ రావాలెనని" అని మూడుసార్లు అన్నాడు. అతణ్ణి ఏమనగలను. అతను ఒక్క నొక్కుతో దిద్దాడు, నేను అతనికంటే ఐదు నెలల ముందే ఒక్క నొక్కుతో తుడిచాను. అత్త దీపమంది, మధు ఫోన్ తప్పన్నాడు, అందరం దాన్ని ప్రేమించే వాళ్లమే. పిల్ల ఒక్కతే రోజూ నిజం చూపిస్తూ వచ్చింది, తళుక్కున, లైటు పడినప్పుడల్లా. లోపల ఏముందో నాకు తెలియదు. పొరో, గడ్డో, ఇంకేదో. ఏడాది పిల్లకు పేరు తెలియని జబ్బు. డాక్టరు ఎన్నాళ్లనుంచి అని అడుగుతాడు, మొదటి మాటే అది అడుగుతాడు. ఏడో నెల నుంచి అని చెప్పాలి. మధు పక్కనే ఉండగా చెప్పాలి. చెప్తాను.

కానీ ఆ రెండో పిల్ల, వడ్డేపల్లి దిక్కు పిల్ల. మధు వచ్చేలోగా నరేందర్‌ను మళ్లీ లోపలికి పంపాను, బిల్లు పుస్తకం తెమ్మన్నాను. కాగితం మీద ఇంతే ఉంది: బాలకిష్టయ్య, వడ్డేపల్లి, మనవరాలి బర్త్‌డే, ఒక ఫ్లెక్సీ, ఒక ఆల్బం. కింద ఉన్న నంబరుకు నాలుగుసార్లు చేశాను, స్విచ్ఛాఫ్ వస్తోంది. దిద్దకముందటి ఫోటోలు లేవు, హార్డ్ డిస్క్ నిండిందని తీసేశాడట. వడ్డేపల్లి ఊరా, ఆ దిక్కు ఇంకో పల్లెనా, అదీ సరిగా చెప్పలేకపోతున్నాడు. పాప పేరు గుర్తులేదు. పసుపుపచ్చ గౌను, నడినెత్తిన పిలక, బుగ్గన పెద్ద దిష్టి చుక్క, అంత మాత్రం గుర్తుంది. ఆమె తల్లి కూడా ఈ పూట ఆల్బం తెరిచి చూసుకుని గుండె మీద చేయి వేసుకుంటూ ఉంటుంది, నాలాగే. నేను పోలేను. మధు మోటారు సైకిల్ చప్పుడు సందు మొదట్లో వినిపిస్తోంది, మేం ఇప్పుడు బయలుదేరిపోతాం, ఎన్నాళ్లకు తిరిగి వస్తామో తెలియదు. ఇది చదువుతున్న మీరు వడ్డేపల్లి దిక్కు వాళ్లైతే, ఆ దిక్కున మీకు చుట్టాలుంటే, జర బాలకిష్టయ్య ఇల్లు ఎక్కడని అడగండి. ఇంటి ముందర ఫ్లెక్సీ ఇంకా కట్టి ఉండొచ్చు. అందులో పాప కళ్లు రెండూ నల్లగా, చక్కగా ఉంటాయి. ఫ్లెక్సీని చూసి వెనక్కి రాకండి. లోపలికి పోయి పాపను ఎత్తుకోండి, నవ్వించండి, ఒక కన్ను చేత్తో మూయండి, ఆ తర్వాత ఇంకొకటి మూయండి. దిద్దింది ఏ కన్నో నరేందర్‌కు గుర్తులేదు. రెండూ చూడండి.